అద్దాలు పగిలితే పగలనివ్వండి

మా వైపు బడుల్లో సైన్స్ కిట్టు ఎక్కడుందని అడిగితే బీరువాలో అంటారు. తాళం హెచ్‌ఎం గారి దగ్గర. ఆయనేమో మీటింగులో. కిట్టులో ఒక్క అద్దం పగిలినా స్టాక్ రిజిస్టర్‌కి జవాబు చెప్పుకోవాలి. అందుకే కాంతి పాఠం నల్లబల్ల మీద బాణం గుర్తులతో ముగిసిపోతుంది. పతన కోణం, పరావర్తన కోణం సమానమని పిల్లలు వల్లిస్తారు. నాలుగో తరగతికి ఆ మాటలే అక్కర్లేదంటాను నేను.

ఫ్యాన్సీ షాపులో దొరికే చిన్న అద్దాలు చాలు, తలా ఒకటి. అంచులకు టేపు అంటిస్తాను. పొద్దున ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వరండాలో తెల్లకాగితం పరిచి, ఎండ వచ్చే వైపు అంచున దువ్వెన నిలబెడితే, పళ్ల సందుల్లోంచి వెలుగు గీతలు గీతలుగా కాగితమ్మీద పరుచుకుంటుంది. వాటి దారిలో అద్దం కాస్త వాలుగా నిలబెట్టగానే గీతలన్నీ ఒక్కసారిగా పక్కకు మళ్లుతాయి. అద్దం తిప్పితే అవీ తిరుగుతాయి. వచ్చిన గీత మీదా పోయిన గీత మీదా పెన్సిల్‌తో గీసుకోమంటే, "వచ్చినంత వాలుగానే పోతోంది టీచర్" అంటారు. సూత్రం అదే, పేరు హైస్కూల్లో నేర్చుకుంటారు. (ఎవరి కంట్లోనూ ఎండ కొట్టకూడదన్నది ముందే పెట్టే షరతు. అయినా ఒకడు కొడతాడు. వాడి అద్దం ఆ పూటకి నా టేబుల్ మీదే.)

తర్వాత రెండద్దాలు పుస్తకంలా తెరిచి మధ్యలో చింతగింజ. లంబకోణంలో మూడు ప్రతిబింబాలు, 60 డిగ్రీలకు మూస్తే ఐదు. ఎదురెదురుగా పెడితే లెక్క తెగదు. ఇక క్లాసంతా గోల, తనిఖీకి వచ్చేవారికి గిట్టని గోల. ఒకమ్మాయి అడిగింది: కుడిచెయ్యి ఎడమచెయ్యి అయింది కదా, తల కిందికెందుకు పోలేదని. అద్దం ముందు నిలబెట్టి చూపించాను. తూర్పు వైపు చెయ్యి అద్దంలోనూ తూర్పు వైపే ఉంది. అద్దం తిప్పేది ముందువెనకల్నే.

విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ 1928లో కాంతి మీద కనుగొన్న సంగతికి గుర్తుగా ఏటా ఫిబ్రవరి 28న ఉపన్యాసాలు పెడతాం. ఆ షామియానా అద్దెతో బడి మొత్తానికి అద్దాలొస్తాయి. కొన్నాక వాటిని సుద్దముక్కల పద్దులో రాయనివ్వండి. సుద్దముక్క విరిగిందని ఇంతవరకు నన్నెవరూ సంజాయిషీ అడగలేదు.