గోడ కట్టి, తలుపు మూసి

మా గగన్‌పహాడ్‌లో పక్కింటి కుర్రాడు తార్నాకలోని ఇఫ్లూలో చైనా భాష నేర్చుకుంటున్నాడు. ‘నోరు’ అనే అక్షరం చూపించాడు. వట్టి చదరపు గడి! ఒక్క చుట్టులో గీసెయ్యవచ్చుననిపిస్తుంది. చైనావారి లెక్కలో మాత్రం అది మూడు గీతలు: ముందు ఎడమ నిలువు, తరువాత పైన సాగి కుడివైపు దిగేది, ఆఖరున అడుగుది. ‘దేశం’ రాయాలంటే మూడు వైపులా గోడ కట్టి, లోపలిదంతా నింపి, చివరికి తలుపు మూయాలి.

చాదస్తమనకండి. గబగబా రాస్తే గీతలు కలిసిపోతాయి. వరస అందరిదీ ఒకటే గనుక ఎదుటివాడు పోల్చుకుంటాడు, లేకుంటే కోడిగీతలే!

ఫోనులో ఉచ్చారణ కొట్టి అక్షరం ఏరుకునే అలవాటు వచ్చాక, చైనాలో చదువుకున్నవారే కలం పట్టి తడుముకుంటున్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టే మన పిల్లల మాటేమిటి? చెయ్యి నడవని దారిలో గడ్డి మొలుస్తుంది.