ర్యాంకుల వారీ సెక్షన్లు ఎత్తేయాల్సిందే

పదో తరగతి ఫలితాలు రాకముందే ఎన్టీఆర్ జిల్లా తిరువూరు వీధుల్లో కాలేజీల పీఆర్వోలు తిరగడం మొదలుపెడతారు. ఫీజులో రాయితీ ఎంత, నిరుడు ఎన్ని ర్యాంకులొచ్చాయి, క్యాంపస్ ఏసీయా కాదా అన్నీ మాట్లాడుకుంటారు. పిల్ల రాత్రిపూట ఏడిస్తే వినడానికి అక్కడ ఎవరున్నారని మాత్రం అడిగేవారు లేరు. జూన్ వచ్చేసరికి పదిహేనేళ్ల పిల్లలు పెట్టె సర్దుకుని, మైలవరం మీదుగా బస్సెక్కి, గొల్లపూడి, ఎనికేపాడు, గూడవల్లి హాస్టళ్లలో దిగుతారు.

అక్కడ వారం వారం పరీక్ష. మార్కులు తగ్గితే కింది సెక్షన్‌కు మారుస్తారు. ఆ సంగతి పిల్లవాడు చెప్పుకునేలోపే నాన్న ఫోన్‌కు మెసేజ్ వచ్చేస్తుంది. వార్డెన్ ఫోన్‌లో దొరికిన ఐదు నిమిషాలూ 'ఎందుకు తగ్గాయి' అన్న విచారణతోనే గడిచిపోతాయి. ఇంటికి వస్తానంటే ఔటింగ్ లేదంటారు.

ఈ ఒత్తిడిలో తమను తాము గాయపరచుకునే పిల్లలను పిరికివాళ్లని, బెదిరిస్తున్నారని కొట్టిపారేయడం దారుణం. వీరిలో చాలామందికి చావాలని ఉండదు. లోపలి బాధను మరోలా చెప్పుకోవడం చేతకాక ఆ పని చేస్తారు. అయినా ఒకసారి గాయపరచుకున్న పిల్లలకు ఆ తర్వాత ప్రాణాపాయం ఎక్కువన్నది వైద్యులందరూ చెప్పేదే. మండుటెండలోనూ ఫుల్ హ్యాండ్స్ చొక్కా విప్పని కుర్రాణ్ని, మెస్‌కు రావడం మానేసిన అమ్మాయిని లెక్చరర్ గమనించాలి. గమనించాక కోప్పడకుండా పక్కన కూర్చోవాలి.

మార్కులొక్కటే కారణమనుకోవడమూ పొరపాటే. ఇంట్లో గొడవలు, అప్పు తెచ్చి కట్టిన ఫీజు, కులం పేరిట అవమానం, ర్యాగింగ్, ఫోన్‌లో వేధింపులు, నిద్రలేమి, ఎవరూ గుర్తించని డిప్రెషన్ ఒకదానిమీద ఒకటి వచ్చి పడతాయి. అయితే ఇంటి గొడవను కాలేజీ ఆపలేకపోవచ్చు గానీ, నలుగురిలో చేసే అవమానాన్ని ఆపడం పూర్తిగా దాని చేతిలో పనే. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కగట్టింది. బయటికి రాని గాయాలు ఏ లెక్కలోనూ లేవు.

చెప్పేవాళ్లు లేక ఇదంతా జరగడం లేదు. ఇంటర్ కాలేజీల తీరుపై 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ నివేదికలిచ్చాయి. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023 జులైలో మరణించిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలిచ్చింది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలంది. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయొద్దని, అందరి ముందు అవమానించొద్దని చెప్పింది. అమలును చూసే జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు. చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలు చట్టమంత బలమైనవే.

కాబట్టి ఎన్టీఆర్ జిల్లా యంత్రాంగం ప్రతి కాలేజీనీ, హాస్టల్‌నూ తనిఖీ చేసి, కౌన్సెలర్ ఉన్నదెక్కడో లేనిదెక్కడో పేర్లతో సహా బయటపెట్టాలి. ర్యాంకుల వారీ సెక్షన్లు నడిపే కాలేజీకి ఇంటర్ బోర్డు గుర్తింపు ఆపేయాలి. తిరువూరు ప్రభుత్వ కాలేజీలకు కౌన్సెలర్లను ప్రభుత్వమే ఇవ్వాలి. డబ్బున్న సంస్థలకే కౌన్సెలర్లు దక్కితే పేదపిల్లలకు న్యాయం జరగదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఈసారి పీఆర్వో వస్తే కౌన్సెలర్ ఎవరో చెప్పమని అడగండి. చెప్పలేకపోతే ఫీజు కట్టకండి. బిడ్డ గాయపరచుకున్నట్టు తెలిస్తే పోలీసు కేసవుతుందని, పరువు పోతుందని దాచకండి. తీవ్ర ఒత్తిడిలో ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని సైతం శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. విద్యార్థులారా, మీరే నేరుగా ఫోన్ చేయొచ్చు.