చట్టంలో ఉన్న ఫిర్యాదు, గడప దాటని గోడు: బస్తర్ వసతి బడుల్లో తల్లిదండ్రుల హక్కు ఎంత?

భోపాల్‌పట్నం (ఛత్తీస్‌గఢ్): ఒకే రాష్ట్రంలో, ఎనిమిది నెలల తేడాతో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడాల్సిన అవసరం ఉంది.

2025 జులై చివరివారంలో బలౌదాబజార్ జిల్లా లచ్ఛన్‌పూర్ ప్రభుత్వ పాఠశాలలో కుక్క మూతి పెట్టిన కూరను మధ్యాహ్న భోజనంలో పిల్లలకు వడ్డించారు. ఇళ్లకు వెళ్లిన పిల్లలు ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పారు. వారు వెంటనే బడికి వెళ్లి నిలదీశారు. పిల్లలకు రేబిస్ నిరోధక టీకాలు వేయించారు. పత్రికల్లో వచ్చిన వార్తను ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంతట తానే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా స్వీకరించి, 84 మంది విద్యార్థులకు తలా రూ.25,000 చెల్లించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

అంతకు ముందు, 2024 డిసెంబరులో, బీజాపూర్ జిల్లా ధనోరాలోని ఒక బాలికల ఆశ్రమ పాఠశాలలో భోజనం చేసిన తర్వాత ముప్పై మందికి పైగా పిల్లలు అస్వస్థులయ్యారు. వారిలో ఒక చిన్నారి ప్రాణాలు కోల్పోయింది. అక్కడి పిల్లలు సాయంత్రానికి ఇంటికి వెళ్లేవారు కారు. ఆ రాత్రి వారి పక్కన అమ్మానాన్నలు లేరు.

ఈ రెండు ఘటనల మధ్య ఉన్న తేడా ఆహారంలో లేదు, చట్టంలోనూ లేదు. బడికీ ఇంటికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. బస్తర్‌లో విద్యార్థుల హక్కుల గురించి జరిగే ఏ చర్చ అయినా ఈ దూరం దగ్గరే మొదలు కావాలి.

వసతి బడులు ఎందుకు వచ్చాయి?

గోదావరి, ఇంద్రావతి నదుల సంగమానికి చేరువలో, తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దుల అంచున ఉన్న పట్టణం భోపాల్‌పట్నం. హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి ఇక్కడే ముగుస్తుంది. బీజాపూర్ జిల్లాలోని ఈ ప్రాంతంలో తెలుగు, దోర్లీ, గోండీ ఇంటి భాషలు. బడిలో మాత్రం హిందీ.

2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత దక్షిణ బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. మావోయిస్టులు బడి భవనాలను కూల్చారు. మిగిలిన కొన్ని భవనాల్లో భద్రతా బలగాలు మకాం వేశాయి. పాఠశాలలను ఖాళీ చేయాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో ఆదేశించాల్సి వచ్చింది. ఊళ్లో బడి లేని పిల్లలను రహదారుల పక్కనున్న పెద్ద ఊళ్లకు తరలించి, అక్కడే ఉంచి చదివించేందుకు వెదురు, ప్లైవుడ్ వంటి తేలిక సామగ్రితో పోర్టాక్యాబిన్ బడులు కట్టారు. ఒక్కోదానిలో 500 మంది వరకు ఉండేలా వాటిని రూపొందించారు. వీటితో పాటు ఆదివాసీ శాఖ నడిపే ఆశ్రమశాలలు, కస్తూర్బా విద్యాలయాలు, ఏకలవ్య పాఠశాలలు ఉన్నాయి.

ఈ బడులు చేసిన మేలును కాదనలేం. తుపాకుల నీడలో ఒక తరం అక్షరాలు నేర్చుకున్నది ఇక్కడే. కానీ తాత్కాలికమని కట్టినవే ఏళ్ల తరబడి కొనసాగాయి. 2024 మార్చిలో ఆవాపల్లి సమీపంలోని చింతకొంట బాలికల పోర్టాక్యాబిన్ అర్ధరాత్రి మంటల్లో చిక్కుకుంది. 300 మందికి పైగా బాలికలను బయటికి తేగలిగారు. అక్కడే ఉన్న నాలుగేళ్ల పాప మాత్రం సజీవ దహనమైంది. 2004లో తమిళనాడులోని కుంభకోణంలో 94 మంది చిన్నారులను బలిగొన్న అగ్నిప్రమాదం నేపథ్యంలో, సురక్షితమైన భవనంలో చదువుకోవడం విద్యాహక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది. ఆ తీర్పు వచ్చిన పదిహేనేళ్లకు చింతకొంట కాలిపోయింది.

చట్టం ఏం చెబుతోంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం తల్లిదండ్రులను ప్రేక్షకులుగా చూడదు. 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుల్లో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. కమిటీలో సగం మంది మహిళలు కావాలి. 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధిస్తోంది. 29వ సెక్షన్ బోధన వీలైనంత వరకు మాతృభాషలో సాగాలంటోంది.

అన్నింటికన్నా కీలకమైనది 32వ సెక్షన్. పిల్లల హక్కుకు భంగం కలిగిందని భావించే ఎవరైనా స్థానిక అధికార సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇరుపక్షాల వాదనా విని మూడు నెలల్లో నిర్ణయం చెప్పాలి. ఆ నిర్ణయం నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

కాగితంపై ఇది చక్కని మార్గమే. భోపాల్‌పట్నం వంటి చోట మాత్రం అడుగడుగునా తెగిపోతుంది.

మొదటి ఆటంకం సమాచారం. రోజూ ఇంటికి వచ్చే పిల్ల దెబ్బల మచ్చను అమ్మ స్నానం చేయించేటప్పుడు చూస్తుంది. వసతి బడిలోని పిల్ల గోడు పండగ సెలవులకు గాని ఇంటికి చేరదు. కాంకేర్ జిల్లా ఝలియామారి ఆశ్రమశాలలో చిన్నారి బాలికలపై సాగిన లైంగిక అకృత్యాలు 2013 జనవరిలో బయటపడినప్పుడు దేశాన్ని కలచివేసిన అంశాల్లో ఇదీ ఒకటి: కాపాడాల్సిన నాలుగు గోడలే విషయాన్ని బయటికి పొక్కనివ్వలేదు.

రెండోది, ఎవరిని అడగాలన్న ప్రశ్న. పోర్టాక్యాబిన్, ఆశ్రమశాల, ఏకలవ్య పాఠశాల వేర్వేరు వ్యవస్థల అజమాయిషీలో ఉంటాయి. పక్కపక్క బడుల్లో చదివే అక్కాచెల్లెళ్ల విషయంలో ఒకే తండ్రి రెండు కార్యాలయాల మెట్లెక్కాలి. పైగా ఫిర్యాదు అందుకునే బ్లాక్ స్థాయి అధికారే చాలా సందర్భాల్లో ఆ బడి పర్యవేక్షణకూ బాధ్యుడు. తన పర్యవేక్షణలోని లోపంపై తానే తీర్పరి కావడం ఎవరికైనా ఇబ్బందే.

మూడోది దూరం, ఖర్చు. భోపాల్‌పట్నం నుంచి జిల్లా కేంద్రం సుమారు 50 కిలోమీటర్లు. కలెక్టర్ల జన్‌దర్శన్ జరిగేది అక్కడే. అప్పీలు వినే కమిషన్ ఉన్న రాయ్‌పూర్ ఇంకా 400 కిలోమీటర్ల పైచిలుకు. వానాకాలంలో వాగులు పొంగితే ఊరు దాటడమే గగనమయ్యే కుటుంబాలకు అప్పీలు హక్కు అందని ద్రాక్షే.

నాలుగోది వయసు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికే వర్తిస్తుంది. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు అవే ప్రాంగణాల్లో ఉండే కౌమార బాలికలకు 32వ సెక్షన్ రక్ష లేదు. పోక్సో వంటి చట్టాలు నేరం జరిగాక వస్తాయి. నేరం కాని నిర్లక్ష్యానికి, అన్నం బాగాలేదన్న మొరకు, వారికి చట్టబద్ధమైన గడువంటూ లేదు.

తెలుగులో రాసిన అర్జీ చెల్లుతుందా?

ఇది సరిహద్దు పల్లెల్లో సహజంగా తలెత్తే ప్రశ్న. సమాధానం రాజ్యాంగంలోనే ఉంది. 350వ అధికరణ ప్రకారం, ఏ వ్యక్తయినా తన ఇబ్బందిని తొలగించాలని కోరుతూ రాష్ట్ర అధికారికి ఇచ్చే అర్జీని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇవ్వవచ్చు. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు రాష్ట్రాలు కృషి చేయాలని 350ఏ అధికరణ చెబుతోంది. కాబట్టి భోపాల్‌పట్నంలో తెలుగులో రాసిన అర్జీని తిప్పి పంపే అధికారం ఎవరికీ లేదు. హిందీలో రాసి తెమ్మనడం సౌకర్యం కోసం చెప్పే మాటే తప్ప చట్టం చెప్పే మాట కాదు.

అయితే దోర్లీ, గోండీ మాట్లాడే తల్లిదండ్రుల్లో చదువురాని వారే ఎక్కువ. లిఖితపూర్వక ఫిర్యాదు అన్న షరతే వారికి గోడ. వారు నోటితో చెప్పినదాన్ని అధికారి రాసుకుని, చదివి వినిపించి, రశీదు ఇచ్చే ఏర్పాటు లేకపోతే 32వ సెక్షన్ చదువుకున్న వారి హక్కుగానే మిగులుతుంది. రశీదు చిన్న విషయంలా కనిపించినా మూడు నెలల గడువు లెక్కకు ఆధారం అదే. రశీదు లేని ఫిర్యాదుకు గడువూ ఉండదు, అప్పీలూ ఉండదు.

గోదావరికి ఇవతలా అదే కథ

ఈ సమస్య ఛత్తీస్‌గఢ్‌కే పరిమితం కాదు. 2024 నవంబరులో తెలంగాణలోని నారాయణపేట జిల్లా మాగనూరు జిల్లా పరిషత్ పాఠశాలలో వారం వ్యవధిలో రెండుసార్లు భోజనం వికటించింది. హైకోర్టు ప్రభుత్వ తీరును తీవ్రంగా ప్రశ్నించింది. అదే నెలలో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి ఆశ్రమ పాఠశాలలో అస్వస్థతకు గురైన ఒక బాలిక హైదరాబాద్ నిమ్స్‌లో చికిత్స పొందుతూ మరణించింది. మాగనూరు ఊరి బడి, వాంకిడి వసతి బడి. ప్రాణం పోయింది ఇక్కడా వసతి బడిలోనే. రెండు ఘటనలతోనే సూత్రం తేల్చలేకపోయినా, అవి అడిగే ప్రశ్నను విస్మరించలేం.

దారి ఎక్కడుంది?

అధికారుల వైపు నుంచీ చూడాలి. వందలాది పిల్లల బాగోగులు కొద్దిమంది సిబ్బందిపై ఉంటాయి. దూరప్రాంతాల్లో పనిచేసేందుకు ముందుకొచ్చేవారు తక్కువ. ప్రతి ఫిర్యాదూ నిజం కానక్కరలేదు కూడా. అందుకే చట్టం ఇరుపక్షాల వాదన వినాలంది. సకాలంలో జరిగే విచారణ నిర్దోషి అయిన వార్డెన్‌కూ రక్షణే. విచారణ లేనిచోట పుకార్లే తీర్పులిస్తాయి.

పరిష్కారానికి కొత్త చట్టం అక్కర్లేదు. బస్తర్ అయిదో షెడ్యూలు ప్రాంతం. సామాజిక రంగంలోని సంస్థలు, సిబ్బందిపై నియంత్రణ అధికారాన్ని గ్రామసభకు లేదా తగిన స్థాయి పంచాయతీలకు కల్పించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. ఛత్తీస్‌గఢ్ తన పెసా నియమాలను 2022లో నోటిఫై చేసింది. వసతి బడికి పిల్లలను పంపే ప్రతి గ్రామసభ నుంచి ఒక ప్రతినిధి నెలకోసారి ఆ బడిని చూసి వచ్చి, సభలో చెబితే, దూరమనే ఆటంకం సగం తగ్గుతుంది. బ్లాక్ కేంద్రంలోనే నిర్ణీత రోజున విచారణ, తెలుగు, దోర్లీ, గోండీ తెలిసిన ఒక ఉద్యోగి, ప్రతి ఫిర్యాదుకూ సంఖ్య వేసిన రశీదు, పిల్లలు వారానికోసారి ఇంటికి ఫోను చేసుకునే వీలు: వీటిలో ఏదీ ఖజానాకు భారం కాదు.

2026 మార్చి 31 నాటికి మావోయిస్టు హింసకు ముగింపు పలకాలని కేంద్రం లక్ష్యం ప్రకటించింది. బీజాపూర్ జిల్లాలో ఏళ్లుగా మూతపడిన పల్లె బడులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటున్నాయి. ఊరికి బడి తిరిగి రావడమే ఈ సమస్యకు అసలైన పరిష్కారం. అప్పటిదాకా పిల్లలను దూరంలోని బడికి అప్పగించే తల్లిదండ్రులు ప్రభుత్వాన్ని నమ్మే ఆ పని చేస్తున్నారు. ఆ నమ్మకానికి ప్రతిగా వారికి దక్కాల్సిన కనీస మర్యాద ఒక్కటే: వారి భాషలో వారి మాట విని, ఫలానా తేదీలోగా జవాబు చెబుతామని రాసిచ్చే ఒక కాగితం.