ఆట వాళ్ళది, అరుపులు మనవి

మన సాఫ్టువేరు జనాలు మైక్రోమేనేజర్ని తిట్టినంతగా ఇంకెవర్నీ తిట్టరు. పొద్దున ఓసారి సాయంత్రం ఓసారి స్టేటస్ అడుగుతాడనీ, రాసిన ప్రతి లైన్లోనూ వేలు పెడతాడనీ, క్లయింటు ముందు నోరెత్తనివ్వడనీ గంటల తరబడి చెప్పుకోగలం. ఇప్పుడు ఏ శనివారం పొద్దున్నో అమెరికాలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊళ్ళో స్విమ్ మీట్‌కి వెళ్ళి చూడండి. ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టుకుని, "కాళ్ళు! కాళ్ళు ఆడించు!" అని గొంతు చించుకునే ఆసామీ ఎవరో కాదు, ఆ మైక్రోమేనేజర్ బాధితుడే. నీళ్ళలో తల ముంచిన పిల్లకి ఆ అరుపులు వినపడవన్న సంగతి సరేసరి.

నేననేదేమిటంటే, టీనేజిలోకొచ్చిన పిల్లల ఆటకి ఓనర్లు వాళ్ళే కావాలి. మనం డ్రైవరు, క్యాషియరు, వంటవాడు. అంతవరకే. మరో నాలుగేళ్ళలో ఇల్లు వదిలి వెళ్ళే మనిషి తన పని తను ఎత్తుకోవడం ఎక్కడో ఒకచోట నేర్చుకోవాలి కదా. చదువులో ఆ ప్రయోగం చెయ్యనివ్వడానికి మనకి ధైర్యం చాలదు. ఒక గ్రేడు తగ్గితే ఇంట్లో ఎమర్జెన్సీ పెడతాం. ఓడిపోయినా కొంప మునగని చోటు ఆట ఒక్కటే. దాన్ని కూడా ఎంసెట్టు చేసేస్తే ఇక మిగిలిందేముంది?

"అలా వదిలేస్తే కాలేజీ అప్లికేషన్‌కి పనికొచ్చేదెలా?" అంటారు. సరే, లెక్కలోకే వద్దాం. అమెరికాలో హైస్కూల్లో ఆడేవాళ్ళు దాదాపు 80 లక్షలు. వాళ్ళలో కాలేజీ స్థాయిలో, అంటే ఎన్‌సీఏఏ జట్లలో, ఆడగలిగేది వందకి ఏడుగురు. పై మెట్టైన డివిజన్ 1కి వెళ్ళేది వందకి ఇద్దరు. డివిజన్ 3 కాలేజీల్లో ఆటకి స్కాలర్‌షిప్పులే లేవు. మనవాళ్ళు కలవరించే ఐవీ లీగ్ కాలేజీలూ ఆట పేరుతో స్కాలర్‌షిప్పు ఇవ్వవు. ఇక్కడ ఆట చూసి సీటిచ్చే మాట నిజమేగానీ, ఒక్కో ఆటకి దొరికే సీట్లు తక్కువే. క్లబ్బు ఫీజులు, హోటళ్ళు, పెట్రోలు అన్నీ కలిపి ఓ ఎక్సెల్ షీట్లో వేసుకుంటే ఇది పెట్టుబడి కాదని మనకే అర్థమవుతుంది. పిల్లలకి ఇష్టమైతే ఖర్చు పెట్టొచ్చు, తప్పులేదు. రాబడి కోసమైతే వేరే దారి చూసుకోవడం నయం.

రెండో సంగతి శరీరం. పన్నెండేళ్ళకి గెలిచేవాడు గొప్ప ఆటగాడనీ, ఓడేవాడు పనికిరాడనీ తేల్చేస్తాం. కానీ ఆ వయసులో గెలుపు చాలావరకు ఎవరు ముందు ఎదిగారన్నదాన్నిబట్టే ఉంటుంది. కెనడా హాకీలో వయసు లెక్కకి జనవరి 1 హద్దు. పై స్థాయి జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువని 1980ల్లోనే గమనించారు. 2008లో వచ్చిన 'ఔట్‌లయర్స్' పుస్తకం పుణ్యమా అని ఇది అందరికీ తెలిసింది. ఈతలో రెండేళ్ళకో గ్రూపు: 11-12, 13-14 ఇలా. పన్నెండో ఏట మెడల్ కొట్టిన పిల్ల, పదమూడో పుట్టినరోజు దాటగానే అదే టైముతో కిందవరసలో పడుతుంది. తప్పు ఎవరిదీ కాదు. ఆడపిల్లల్లో చాలామందికి పదమూడు, పద్నాలుగేళ్ళ దగ్గర టైములు కదలవు. సరిగ్గా అదే వయసులో మగపిల్లలు ఒక్కసారిగా దూసుకుపోతారు. మనం మాత్రం ఆర్నెల్ల గ్రాఫు చూసి "నీకు సీరియస్‌నెస్ తగ్గింది" అని తీర్పు చెప్పేస్తాం.

మూడోది విశ్రాంతి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2016లో ఒక నివేదిక ఇచ్చింది. ఒకే ఆటకి కట్టుబడటం పదిహేను పదహారేళ్ళదాకా వాయిదా వెయ్యమంది. వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో నెల చొప్పున మొత్తం మూడు నెలలు ఆ ఆటకి సెలవివ్వమంది. బేస్‌బాల్‌లో అయితే 2014లో 'పిచ్ స్మార్ట్' అని నియమాలే పెట్టారు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లాడు రోజుకి 95 బంతులకి మించి విసరకూడదు, 66 చేరితే నాలుగు రోజులు విశ్రాంతి. 1974లో మొదటిసారి ఒక ప్రొఫెషనల్ పిచ్చర్‌కి చేసిన మోచేతి ఆపరేషను, స్కూలు పిల్లలదాకా పాకబట్టి వచ్చిన తిప్పలివి. బంతులు లెక్కపెట్టి ఇక చాలు అనడానికి రూలు కావాల్సి వచ్చిందంటే, పక్కనున్న పెద్దవాళ్ళు అనలేకపోయారనే కదా.

ఇక్కడో ప్రశ్న ఎలాగూ వస్తుంది. "గోపీచంద్ సింధు ఫోను లాక్కోలేదా? ఐస్‌క్రీం మాన్పించలేదా? అందుకేగా మెడల్ వచ్చింది?" నిజమే, 2016 రియో ఒలింపిక్స్ ముందు మూడు నెలలు ఆమె ఫోను ఆయన దగ్గరే ఉంది. కానీ అప్పటికి సింధుకి ఇరవయ్యొకటి. ఫోను తీసుకున్నది కోచ్, తండ్రి కాదు. అసలు సంగతి ఇంకోటుంది. ఆమె తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆటగాళ్ళు, తండ్రి రమణగారు 2000లో అర్జున అవార్డు తీసుకున్నారు. అయినా కూతురు బ్యాడ్మింటన్ ఎంచుకుంటే ఊఁ అన్నారు. రోజూ అంతంత దూరం ప్రాక్టీసుకి తిప్పారు. మనం ఆ కథలోంచి ఫోను లాక్కోవడం ఒక్కటే ఏరుకుంటాం. ఇటు పక్క, కొడుకుని ప్రపంచ నంబర్ వన్ చేసిన తండ్రి కథా ఉంది. ఆండ్రీ అగస్సీ 2009లో రాసిన ఆత్మకథలో తనకి టెన్నిస్ అంటే అసహ్యమని చెప్పుకున్నాడు. ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్ళు గెలిచినవాడి మాట అది.

మరి ఓనరు చెయ్యడమంటే ఏమిటి? గాలికొదిలెయ్యడం కాదు. అలారం వాళ్ళే పెట్టుకోవాలి. బ్యాగు వాళ్ళే సర్దుకోవాలి. గాగుల్స్ మర్చిపోతే గాగుల్స్ లేకుండానే ఈదాలి. అన్నిటికన్నా ముఖ్యం, కోచ్‌తో వాళ్ళే మాట్లాడుకోవాలి. మా అమ్మాయికి పదిహేనేళ్ళు. కిందటేడు రిలేలో 'బి' జట్టులో వేశారు. నేను నోరు తెరవకముందే, "నాన్నా, నువ్వు కోచ్‌కి మెయిల్ పెడితే నేనింక పూల్ దగ్గరికి రాను" అంది. మూడు రోజులు తటపటాయించి, తనే వెళ్ళి అడిగింది. టర్నులు నెమ్మదిగా ఉన్నాయని ఆయన చెప్పాడు. ఆ సీజనంతా 'బి' జట్టులోనే ఈదింది. సినిమాలోలాగా చివర్లో ఏమీ జరగలేదు. కానీ తనకంటే ముప్ఫయ్యేళ్ళు పెద్దవాడి ముందు నిలబడి "నన్నెందుకు తీసుకోలేదు?" అని మర్యాదగా అడిగి, జవాబు విని ఇంటికొచ్చింది. అప్రైజల్ మీటింగులో ఆ ఒక్క ప్రశ్న అడగలేక కడుపులో పెట్టుకుని తిరిగేవాళ్ళు మనలో ఎంతమంది లేరు!

మానేస్తానంటే? మా ఇంట్లో ఒకటే రూలు. ఓడిపోయిన రోజు నిర్ణయం తీసుకోకూడదు, ఒప్పుకున్న సీజను పూర్తి చెయ్యాలి. జట్టులో మిగతావాళ్ళు నిన్ను నమ్ముకున్నారు కాబట్టి. దెబ్బ తగిలినా, కోచ్ ప్రవర్తన సరిగ్గా లేకపోయినా ఈ రూలు వర్తించదు, అప్పుడు తండ్రి మధ్యలోకి రావాల్సిందే. సీజను అయ్యాక కూడా మానేస్తానంటే, మానెయ్యనివ్వాలి. "ఇన్ని డాలర్లు పోశాను" అనడం మన బాధ, వాళ్ళ బాకీ కాదు.

ఒత్తిడి లేకపోతే ఛాంపియన్లు రారనేవాళ్ళు నార్వే చూడొచ్చు. పిల్లలకి పదకొండో ఏడు వచ్చేదాకా అక్కడ ఫలితాల పట్టికలు, ర్యాంకులు పెట్టరు. జనాభా మన హైదరాబాదంత కూడా లేదు. 2022 వింటర్ ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో అందరికన్నా పైన నిలిచింది. మంచూ డబ్బూ కూడా కారణాలే, కాదనను. కానీ చిన్నప్పుడు ర్యాంకులు లేకపోయినంత మాత్రాన చెడిపోయిందేం లేదని మాత్రం తేలింది కదా.

అరవకుండా ఉండలేనివాళ్ళకి ఓ చిట్కా. స్విమ్ మీట్లలో టైమర్లుగా తల్లిదండ్రులే వాలంటీరు చేస్తారు. లైటు వెలగ్గానే వాచీ నొక్కాలి, చెయ్యి గోడకి తగలగానే ఆపాలి, కాగితం మీద రాయాలి. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఎవరికీ కేకలు వెయ్యకూడదు. మన పిల్ల పక్క లేన్లో ఉన్నా కళ్ళు మనకిచ్చిన లేన్ మీదే ఉండాలి. ఓ నాలుగు గంటలు ఎవరెవరి పిల్లలనో సెకనులో నూరో వంతుదాకా శ్రద్ధగా చూసి రండి. ఇంటికెళ్ళే దార్లో చెప్పదలుచుకున్న సలహాల్లో సగం వాటంతటవే రాలిపోతాయి. మిగతా సగం వాళ్ళడిగితే చెప్పొచ్చు. ఏమంటారు?