వాయిదా ఎవరి కోసం?

మీ అమ్మాయి విడాకుల కేసు ఎన్నేళ్ల నుంచి నడుస్తోంది?

నాలుగేళ్లా? ఆరేళ్లా? “ఏదో నడుస్తోందండీ” అనేసి మీరు తాపీగా టీ తాగేస్తున్నారే, ఎలా మింగుడు పడుతోంది?

పెళ్లికి ముహూర్తం నిమిషాలతో సహా చూశారు. ఇప్పుడు ఏళ్లకేళ్లు పోతుంటే పట్టదా?

ఫ్యామిలీ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసొకటి ఉంది. 1999 ఏప్రిల్‌లో పెళ్లి. మర్నాడే గొడవ. ఒకరి మీద ఒకరు చెప్పులు విసురుకున్నారు. ఎవరు? పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కాదు, పెద్దలు! తీర్పులోనే రాసి ఉంది. కాపురం మొదలే కాలేదు. విడాకులు 2013 ఫిబ్రవరిలో వచ్చాయి. చెప్పులు విసిరిన ఆ చేతులు ఇద్దరు మనుషుల పద్నాలుగేళ్లను తిరిగి తెచ్చిస్తాయా?

అదే తీర్పులో కోర్టు చెప్పింది. ఇలాంటి తగాదాల్ని మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపండి, కేసు వేయకముందే మాట్లాడుకునే ఏర్పాటు చేయండి, నలుగురికీ తెలిసేలా ప్రచారం చేయండి అని.

మీ చెవిన పడిందా?

పడదు. ఎందుకంటే నోటీసు అందలేదని ఒక వాయిదా, లాయరు రాలేదని ఇంకోటి, జడ్జిగారు సెలవని మరోటి, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన తల్లి కోర్టు వరండాలో సాయంత్రం దాకా పడిగాపులు కాయడం, భరణం ఎగ్గొట్టడానికి మొగుడు జీతం దాచడం, పెళ్లినాటి బంగారం ఎవరి బీరువాలో ఉందో మూడేళ్లయినా తేలకపోవడం, ఒకరి మెసేజీలు ఒకరు ప్రింటు తీయించి ఫైళ్లకు కుట్టడం, పరీక్ష రోజే పిల్లాణ్ణి పేషీకి ఈడ్చుకురావడం, ఇవన్నీ మీకు అలవాటైపోయాయి!

ఫ్యామిలీ కోర్టులో ఒక తండ్రిని చూశాను. పాపకు కొత్త బూట్లు తెచ్చాడు. అవి పట్టలేదు. అతనికి తెలిసిన కొలత కిందటేడాదిది.

ఆ పాప ఏం తప్పు చేసింది?

దారి లేదనకండి. పరస్పర అంగీకార విడాకులు హిందూ వివాహ చట్టంలో 1976 నుంచీ ఉన్నాయి. ఏడాదిగా విడిగా ఉంటున్న ఇద్దరూ కలిసి ఒకే పిటిషన్ వేసుకోవచ్చు. ఆ తర్వాతి ఆర్నెల్ల గడువును కూడా తగిన కేసుల్లో మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టే చెప్పింది. డబ్బు, బంగారం, పిల్లలు ఎవరి దగ్గరుండాలి, అన్నీ మధ్యవర్తి ముందు తేల్చుకుని డిక్రీ కోసమే జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ గడప తొక్కారా? 15100కు ఫోన్ చేశారా?

కొట్టేవాడి సంగతి వేరు. ఒళ్లు హూనం చేసినవాడి పక్కన కూర్చోబెట్టి “సర్దుకుపోమ్మా” అనే పెద్దమనుషులారా, దానికి మధ్యవర్తిత్వం అని పేరు పెట్టకండి! ఆమెకు పోలీసులు కావాలి, 2005 నాటి గృహహింస చట్టం కావాలి, కోర్టు కావాలి.

నేను అడుగుతున్నది ఇద్దరూ విడిపోదామనే అనుకుంటున్న కేసుల గురించి. మీ పంతమే అడ్డుగా ఉన్న కేసుల గురించి.

“వాడి చేత మూడు చెరువుల నీళ్లు తాగించాలి” అంటున్నది మీ అమ్మాయా, మీరా?

ఆమెకేం కావాలో ఒక్కసారైనా అడిగారా?