వెనక చక్రం మోత

పాల్వంచ దాటి భద్రాచలం దారి పట్టామో లేదో, వెనక నుంచి గుయ్‌మని ఒకటే మోత. వేగం 60 దాటితే పెరుగుతోంది, తగ్గిస్తే తగ్గుతోంది. న్యూట్రల్‌లో వదిలినా ఆగలేదు. అంటే ఇంజిన్ కాదు. స్టీరింగ్ కాస్త ఎడమకు తిప్పితే ఇంకా ఎక్కువైంది. అప్పుడు బరువు కుడివైపు పడుతుంది కదా... కుడి వెనక చక్రం బేరింగు అరిగిందన్నమాట!

మేం వెళ్లాల్సింది చింతూరు మీదుగా మారేడుమిల్లి. భద్రాచలం దాటాక అడవిదారి. చాలాచోట్ల ఫోను పలకదు, ఇక మెకానిక్కు సంగతి సరేసరి. బేరింగు ముదిరితే వేడెక్కి చక్రం పట్టేయొచ్చు. వెనక సీట్లో పిల్లలున్నారు. నెమ్మదిగా వెనక్కి తిప్పి కొత్తగూడెంలో బాబాయి ఇంటికి చేరాం. సింగరేణి వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి.

"షెడ్డు దాకా ఎందుకురా, పొద్దున్నే ఇంట్లోనే మారుద్దాం" అన్నాడు. కొత్త బేరింగులు తెప్పించి రాత్రి ఫ్రీజర్‌లో పెట్టాడు. చల్లబడితే కాస్త కుంచించుకుని సులువుగా దిగుతాయట. చేపల పక్కన వాటిని చూసి పిన్ని ఏమందో ఇక్కడ రాయలేను!

మాది పాత మారుతి 800. వెనక ఇరుసు మీద బ్రేకు డ్రమ్ము, అందులో రెండు బేరింగులు, వాటి మధ్య స్పేసరు గొట్టం, చివర నట్టు, అది తిరిగిపోకుండా స్ప్లిట్ పిన్ను. ఎడ్లబండి ఎరిగినవాళ్లకు కొత్తేం కాదు. ఇరుసు, చీల, కందెన... ఆముదంలో గడ్డిమసి కలిపిన కందెన పోయి గ్రీజు వచ్చిందంతే.

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, కారు నేల మీద ఉండగానే నట్టు వదులు చేశాం. "జాకీ ఎత్తడానికేరా, మోయడానికి కాదు" అంటూ బాబాయి స్టాండ్లు పెట్టించాడు. స్టాండ్లు లేకపోతే ఈ పని ఇంట్లో వద్దేవద్దు. హ్యాండ్‌బ్రేకు దించితేనే డ్రమ్ము కదులుతుంది. మాది అప్పటికీ మొరాయించింది. దాని మీదున్న మర కన్నాల్లో రెండు బోల్టులు బిగిస్తే వచ్చింది. లోపల గ్రీజు తుప్పునీళ్లతో కలిసి పాలలా విరిగి ఉంది. వానాకాలం వాగుల్లో దించిన ఫలితం.

కొత్త బేరింగు పెట్టి సుత్తి ఎత్తానో లేదో, బాబాయి చెయ్యి పట్టుకున్నాడు. నేను కొట్టబోయింది లోపలి రింగును. ఆ దెబ్బ గుండ్ల మీద పడి, అవి తిరిగే దారిలో గుంటలు చేస్తుంది. నెల తిరక్కుండా మళ్లీ అదే మోత. పాత బేరింగు వెలుపలి రింగును కాస్త అరగదీసి, దాన్ని అడ్డం పెట్టి చుట్టూ సమంగా కొట్టించాడు. అడుగుకు చేరగానే చప్పుడు మారింది.

స్వీడన్‌లో ఓ బట్టలమిల్లు ఇంజినీరు స్వెన్ వింగ్‌క్విస్ట్, ఇరుసు కాస్త వంగినా సర్దుకునే బేరింగును 1907లో తయారుచేశాడు. ఎస్‌కేఎఫ్ కంపెనీ అలా పుట్టిందే. మన వెనక చక్రం బేరింగుకు ఆ సర్దుబాటు లేదు. వంకరగా దిగితే వంకరగానే అరుగుతుంది.

రెండోది దించబోతుంటే, "గొట్టమేదిరా?" అన్నాడు. స్పేసరు నా కాలి దగ్గరే ఉంది! అది లేకుండా నట్టు బిగిస్తే రెండు బేరింగులూ నలిగిపోయేవి. నట్టును కంపెనీ పుస్తకంలో చెప్పినంతే టార్క్ రెంచితో బిగించి, స్ప్లిట్ పిన్ను కొత్తది వేశాం. పాతది మళ్లీ వంచితే విరుగుతుంది. ఇక, హబ్బులోకి ప్రెస్సుతో ఎక్కించే బేరింగులున్న కార్లయితే నేరుగా షెడ్డుకే.

పాల్వంచ దాకా వెళ్లొచ్చి రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాం. రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. మోత లేదు. మిగిలిన పాత బేరింగు కోసం చూస్తే, అప్పటికే బాబాయి మనవడి చెక్కబండికి చేరిపోయింది.