డెకరేషన్ మాట్లాడేముందు మాకో ఫోన్ చేయండి

పెళ్లి ఫొటోలు ఎలా వస్తాయన్నది సగానికి సగం డెకరేషన్ వాళ్లతో బేరం కుదిరిన రోజునే తేలిపోతుంది. మండపం మీద ఏ రంగు లైట్లు పడాలి, మంగళస్నానాల దగ్గర ఏ గుడ్డ కట్టాలి, పెళ్లికూతురు మేకప్‌కి ఎన్నింటికి కూర్చోవాలి అన్నవన్నీ ఖాయమయ్యాక చివర్లో ఫొటోగ్రాఫర్‌కి అడ్వాన్సు ఇస్తారు. అప్పటికి మేం మార్చగలిగింది ఏమీ ఉండదు. రాజమహేంద్రవరంలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసి బతికేదాన్ని నేను. పెళ్లి పెట్టుకున్న ప్రతి ఇంటికీ నా మనవి ఒకటే: ఆ నిర్ణయాలు తీసుకునే ముందు మీ ఫొటోగ్రాఫర్‌ని, ఎవరైనా సరే, ఒక గంట కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

మా నాన్న స్టూడియో నడిపిన రోజుల్లో ఆ గంట దానంతటదే దొరికేది. రీలుకు 36 ఫొటోలు. ఎన్ని రీళ్లు కొనాలో లెక్క తేల్చుకోవడానికి పెళ్లివారి తరఫున ఒక పెద్దాయన వచ్చి కూర్చునేవాడు. కాశీయాత్రకు ఎన్ని, తలంబ్రాలకు ఎన్ని, అప్పగింతలకు ఎన్ని మిగల్చాలి అని మాట్లాడుకుంటుంటే ఆ ఇంటి సంగతులన్నీ మధ్యలో దొర్లేవి. డిజిటల్ కెమెరా వచ్చాక లెక్క అక్కర్లేకుండా పోయింది, దాంతోపాటు ఆ కూర్చోవడమూ పోయింది. ఇప్పుడు వాట్సాప్‌లో మేం ప్యాకేజీ పంపుతాం, వాళ్లు ఎంత తగ్గిస్తారని అడుగుతారు. మళ్లీ కలుసుకునేది పెళ్లి పందిట్లోనే.

ముందుగా చెప్పవలసింది లైట్ల గురించి. ఈమధ్య ఏ ఫంక్షన్ హాల్లో చూసినా స్టేజీకి రెండువైపులా నీలం, ఊదా రంగు ఎల్‌ఈడీ లైట్లు నిలబెడుతున్నారు. కంటికి పండగలాగే ఉంటుంది. కెమెరాకు మాత్రం ఆ వెలుగులో మనిషి చర్మం దొరకదు. అచ్చమైన నీలి వెలుగు కింద ఎర్రటి కుంకుమ నల్లగా కనిపిస్తుంది, పసుపు మురికి రంగులోకి దిగుతుంది, పారాణి మసి పూసినట్టుంటుంది. పెళ్లిలో మనకు ముఖ్యమైన రంగులే ఎరుపూ, పసుపూ! కంప్యూటర్లో సరిచేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. పడిన వెలుగులో ఎరుపే లేనప్పుడు ఫొటోలోకి ఎరుపు ఎక్కడినుంచి వస్తుంది? రంగుల లైట్లు వద్దని నేను అనను. అవి వెనక తెరమీద, పూలమీద వేయించండి. వధూవరుల ముఖాల మీదికి ఎదురుగా, కాస్త ఎత్తునుంచి, పచ్చటి దీపం ఛాయలో ఉండే మామూలు తెల్ల లైట్లు రెండు పెట్టమని లైటింగ్ వాళ్లకు చెప్పండి. డీజే అబ్బాయికి కూడా ముహూర్తం వేళ గిర్రున తిరిగే లైట్లు ఆపమని ముందే చెప్పి ఉంచాలి.

ఇంకో చిక్కు కూడా ఉంది. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు మన 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు. తలంబ్రాలు పోసేటప్పుడు బియ్యపు గింజలు గాల్లో గింజలుగానే కనిపించాలంటే సెకనులో ఐదువందలో వంతు వేగంతో తీయాలి. ఆ వేగం దగ్గర ఒక ఫొటో వెలుగుగా, పక్కది చీకటిగా, ఇంకోటి అడ్డచారలతో వస్తుంది. అందుకే లైటింగ్ కుదిరాక హాల్లో ఒకసారి వేయించి చూపిస్తే పావుగంటలో పరీక్ష చేసుకుని వెళ్తాం. దీనికి డబ్బేమీ అడగం.

మంగళస్నానాల దగ్గర కష్టం వేరు. మిట్టమధ్యాహ్నం పసుపుపచ్చ షామియానా కింద కూర్చోబెడితే ముఖం, పట్టుచీర, పెట్టిన పసుపు అన్నీ ఒకే రంగులో కలిసిపోతాయి. కొబ్బరాకుల పందిరి ఎంత అందంగా ఉన్నా ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా ముఖాలమీద పడుతుంది. ఆ ఆకుల కింద ఒక తెల్లగుడ్డ కట్టిస్తే చాలు, వెలుగు మెత్తబడి అందరిమీదా సమానంగా పరుచుకుంటుంది.

ముహూర్త సమయం గురించి కాస్త గట్టిగానే చెప్తాను. జీలకర్ర బెల్లం పెట్టి, అడ్డుతెర దించగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే చూపు కొన్ని సెకన్లే. ఆ చూపు కోసమే ఎంతోమంది మమ్మల్ని పిలుస్తారు. సరిగ్గా అప్పుడే అక్షింతలు వేయడానికి అందరూ లేచి ముందుకొస్తారు. అందులో సగంమంది చేతుల్లో సెల్‌ఫోన్లు. వాళ్లది ప్రేమే, కాదనను. ఆ ప్రేమ వెనక వధూవరులు కనిపించకుండా పోతారు. మేం "కొంచెం జరగండి" అంటే వచ్చినవాళ్లను అవమానించినట్టు ఉంటుంది. ఇంటి మనిషి అంటే ఎవరూ ఏమీ అనుకోరు. కాబట్టి బాబాయిల్లోనో మేనమామల్లోనో గొంతున్న ఒకరికి ఆ పని అప్పగించండి. పెద్దవాళ్లను మండపానికి రెండుపక్కలా నిలబెట్టి, ఎదురుగా మాత్రం మనిషి పట్టేంత దారి ఖాళీగా ఉంచితే చాలు. మాంగల్యధారణ వేళ జడ పైకెత్తి పట్టుకునే ఆడపడుచుకు కూడా మూడో ముడి పడేదాకా వదలొద్దని ముందే చెప్పండి. పురోహితులవారితో మేం ముందుగానే మాట్లాడుకుంటాం. ఫొటో సరిగా రాలేదని మూడు ముళ్లు మళ్లీ వేయించమని మాత్రం నన్ను అడగొద్దు, నేను అడగను. జరిగింది జరిగినట్టు తీయడమే నా పని.

ఇక మనుషుల సంగతి. మండపేట వైపు ఒక పెళ్లికి వెళ్లినప్పుడు పెళ్లికూతురి తమ్ముడు నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. రెండువైపులా చుట్టాల పేర్లు, వరసలు, ఏ రంగు చీరలో వస్తున్నారో కూడా రాశాడు. కింద ఇంకొన్ని ముక్కలు: తాతయ్యకు కుడి చెవి వినపడదు, ఎడమవైపు నుంచి పిలవండి. పెద్దత్త నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, చెయ్యి పని మీద ఉన్నప్పుడు తీయండి. అక్కను చిన్నప్పుడు పెంచింది నాయనమ్మ, అప్పగింతలప్పుడు ఆవిడ ముందుకు రాదు, వెనక స్తంభం దగ్గరుంటుంది. నేను ఆ స్తంభం దగ్గరే నిలబడ్డాను. పెళ్లికూతురు కారు ఎక్కబోయి వెనక్కి తిరిగి ఆవిడ దగ్గరికే పరుగెత్తుకొచ్చింది. మిగతా కెమెరాలన్నీ కారు చుట్టూ ఉన్నాయి. ఎంత ఖరీదైన లెన్సు కొన్నా ఆ ఫొటో వచ్చేది కాదు, ఆ కాగితమే తెచ్చిపెట్టింది. ఏ ఇంట్లోనైనా ఇలాంటి కాగితం రాయగల పిల్లో పిల్లాడో ఉంటారు. అడిగి రాయించండి. మాటలు లేని అన్నదమ్ములుంటే అదీ రాయండి, మేం ఎవరికీ చెప్పం. ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి అందరినీ ఇబ్బంది పెట్టకుండా ఉంటాం.

పెళ్లికూతురి గదిలోకి ఆడ ఫొటోగ్రాఫర్ కావాలని అడగడానికి కొందరు మొహమాటపడతారు. మొహమాటం అక్కర్లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాదులో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతుల్లో ఉంచాడు. ఎదుటి మనిషి కుదుటపడితేనే ముఖం ముఖంలా ఉంటుందని ఆయనకు తెలుసు. మేకప్ పూర్తయ్యాక పెళ్లికూతురికి ఒక అరగంట, కిటికీ ఉన్న గదిలో, ఇద్దరు ముగ్గురికి మించకుండా ఇప్పించండి. మేకప్ ఆలస్యమైతే ముందు ఎగిరిపోయేది ఆ అరగంటే, కాబట్టి మేకప్ అమ్మాయికి చెప్పే టైము ఒక గంట ముందుకు జరపండి.

ప్రీవెడ్డింగ్‌కి ఉదయపూర్ కోట దగ్గర తీసిన ఫొటో పంపి పుష్కరఘాట్‌లో అదే కావాలంటారు. మన గోదావరికి దాని వెలుగు దానికుంది. ఊరు తూర్పుగట్టున, నది పడమట. పొద్దున నదికి వీపుపెట్టి నిలబడితే ఊరివైపు నుంచి వెలుగు ముఖంమీద పడుతుంది. సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వైపు నీళ్లవతల దిగుతాడు. పదకొండింటికి వస్తే కళ్లకింద నీడలే వస్తాయి.

అక్కర్లేని ఖర్చు తగ్గించుకోవాలంటే డ్రోన్ మానేయండి. ఆ డబ్బుతో ఇంకో కెమెరా మనిషిని పెట్టుకుంటే వరుడి వైపు జరిగేదీ వధువు వైపు జరిగేదీ ఒకేసారి దొరుకుతాయి. మా జట్టుకు ముహూర్తానికి ముందే భోజనం పెట్టించండి, రాత్రి రెండు గంటల ముహూర్తమైతే మరీను.

పెళ్లయ్యాక ఫొటోలున్న పెన్‌డ్రైవు ఏడాదిపాటు బీరువాలో పడి ఉంటుంది. తర్వాత ఇంటిల్లిపాదీ కూర్చుని తలా ఒకటి తీసేస్తే ఆల్బంలో మిగిలేవి స్టేజీమీద వరసగా నిలబడ్డ ఫొటోలే. నెలలోపే చూడండి. ఎంపిక వధూవరులకూ పెద్దవాళ్లలో ఒకరికీ వదిలేయండి. కెమెరా వైపు చూడని ముఖాలను అదొక్క కారణంతో కొట్టేయకండి. మీరు తీసేయమన్న వాటిలో ఒకటీ రెండూ నేను ఉంచమని పట్టుబడతాను. ఎందుకో అడగండి, చెప్తాను. విన్నాక కూడా వద్దంటే తీసేస్తాను.